ఎనభై రెండు మార్కులు

కంకిపాడు
20 జనవరి 2025

పెద్దనాన్నకు శాలిని స్తోత్రాలు.

రెండు బస్సులు మారితే మీ గుమ్మంలో ఉంటాను. అయినా ఉత్తరమే రాయాలట. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తినా "ఉత్తరం రాయి" అని పెట్టేస్తారు. మా పోస్టుమాన్ నిన్న అడిగాడు, "మైలవరంలో ఎవరమ్మా, మిలిటరీలో చేశారా" అని. సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేశారు, వన్ టౌన్లో, ముప్పై మూడేళ్ళు, మా నాన్నకు సొంత అన్న అని చెప్పాను. "అయితే అభిప్రాయాలు ఎక్కువుంటాయి" అన్నాడు. తెలివైనవాడే.

మీరు చూడమన్న ఆ పాత నలుపు తెలుపు సినిమా చూశాను. పార్టీలో హీరో పియానో ముందు కూర్చుని హీరోయిన్‌ను దెప్పుతూ పాడతాడే, అది. పాట బాగుంది, వెనక వయొలిన్లు మరీ బాగున్నాయి. కానీ పెద్దనాన్నా, అంతమంది విందుకు వచ్చి ఒక్కరూ భోజనం చేయరేం? అందరూ గ్లాసు పట్టుకుని నిలబడి ఆ అమ్మాయి ఏడుపు చూస్తారు. నేనైతే నలభై ఎనిమిది మార్కులు వేస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. విజయవాడలో ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మార్చి మూడున చేరాలి. నాకేమో సంగీతం కాలేజీలో చేరాలని ఉంది. ఇరవై మూడేళ్ళు వచ్చాయి, ఇప్పుడు చేరకపోతే ఇంక చేరను. ఈ మాట నాన్నతో అంటే మైకుసెట్టు షాపులో వైర్లు చుట్టుకుంటూ వినీవిననట్టు కూర్చున్నాడు. చివరికి, "అన్నయ్యకు పాడి వినిపించు. శ్రుతి ఉందంటే వెళ్ళు. లేదంటే బ్యాంకుకు పో" అన్నాడు.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అమ్మ చెప్పింది. 1986లో క్రిస్మస్ పాటలు నేర్చుకునేటప్పుడు, గుళ్ళో అందరి ముందూ మీరు నాన్నతో "నీకు శ్రుతి లేదురా యేసుబాబూ, ఆపు" అన్నారట. ఆ రోజునుంచి నాన్న పూజలో కూడా పెదవి కదపడు. ఊరందరి పాటలకూ మైకులు పెడతాడు, తను మాత్రం పాడడు. నాకు మీమీద కోపం లేదు. నాన్నకూ లేదు. మన ఇంట్లో చెవి అంటే అన్నయ్యదే అంటాడు మీ గురించి. కాకపోతే నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారో రాయండి.

మీ శాలిని


మైలవరం
27 జనవరి 2025

శాలినమ్మకు పెద్దనాన్న ఆశీస్సులు.

నలభై ఎనిమిదా? ఆ బొమ్మకు నా నోట్‌బుక్కులో యాభై ఎనిమిది ఉంది. పది మార్కులు ఆ విందులో తిండి కోసం తగ్గించావు, తిండిపోతువి. అయితే ఒకమాట. ఈ మధ్య మళ్ళీ చూశాను. ఆ పియానో మీద వాడి వేళ్ళు ఒక్కటీ సరైన చోట పడవు, పెదాలు కూడా పాటకు అందవు. పాత రోజుల్లో ఇవి నేను గమనించనే లేదు. ఇప్పుడు మాటలు లేని మూకీల మీద మనసు పోతోంది. ఆ రోజుల్లో నటుడు కనుబొమ్మతో చెప్పినదాన్ని తర్వాతివాళ్ళు నాలుగు పేజీల డైలాగుతో చెప్పలేకపోయారు.

ఇక నీ అసలు సంగతికి. కేబిన్‌లో నేను ప్రతి బొమ్మకూ మార్కులు వేసిన నోట్‌బుక్కులు పదకొండున్నాయి. అందులో అరవై దాటినది ఏదీ లేదు. మొహమాటం నాకు చేతకాదు. నా చెవి సంగతి మీ నాన్నకు తెలుసు. గుళ్ళో కొత్త గంట పెట్టినప్పుడు, అది బీట వారిందని ఊళ్ళో మొదట చెప్పింది నేనే. ఒక్కడూ నమ్మలేదు. ఫాదర్ గారితో పెద్ద గొడవే అయింది. కాబట్టి నా దగ్గర పాస్ కావాలంటే కష్టం, ముందే చెబుతున్నాను.

పాట పెన్‌డ్రైవ్‌లో పంపు. మీ నాన్న ఇచ్చిన రేడియోలో అది పెట్టుకోవచ్చు. మనిషి రానక్కర్లేదు. ఎదురుగా కూర్చుని పాడితే మొహం చూసి మోసపోతాం.

లైబ్రరీలో ఒక పాత సైన్సు నవల దొరికింది. చంద్రుడి మీద గనులు, తెలుగువాళ్ళు మేస్త్రీలు. రచయితకు ఊహ ఉంది, చదువు లేదు. అక్కడ గాలి లేదని మూడో పేజీలో రాసి, తొంభయ్యో పేజీలో బాంబును "ఢాం" అనిపించాడు. గాలి లేనిచోట ఢాం ఎక్కడినుంచి వస్తుంది? ఒక్క చోట మాత్రం కరెక్టుగా రాశాడు. రేడియో చెడిపోయి ఇద్దరు మేస్త్రీలు మాట్లాడుకోలేకపోతే, ఒకడి హెల్మెట్ ఇంకొకడి హెల్మెట్‌కు ఆనించి మాట్లాడతారు. గట్టివస్తువులోంచి శబ్దం పోతుంది కదా, వినబడుతుంది. ఆ పేజీ మూడుసార్లు చదివాను. నలభై మార్కులు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

బాలశౌరి


కంకిపాడు
12 ఫిబ్రవరి 2025

పెద్దనాన్నకు,

గుణదల తిరునాళ్ళు నిన్నటితో అయిపోయాయి. నాన్న బాక్సులు మూడు రోజులు అక్కడే ఒక పందిట్లో ఉన్నాయి. ఇల్లంతా వైర్లు, దుమ్ము. షాపు కౌంటరు మీద కూర్చునే ఇది రాస్తున్నాను.

ఈ కవరులో నీలంరంగు పెన్‌డ్రైవ్ ఉంది. అందులో ఒకే పాట. నాయనమ్మ శౌరమ్మ నాట్లప్పుడు పాడేదని మీరు చెప్పిన పాటే. ఆవిడ పాడగా నేను విన్నది చిన్నప్పుడు రెండుసార్లు, అంతే. మాటలు అమ్మ చెప్పింది, వరస నాకు గుర్తున్నంతలో కట్టాను. వెనక వాయిద్యాలు పెట్టలేదు. కీబోర్డు నొక్కితే వచ్చే వయొలిన్ మీకు నచ్చదని తెలుసు. నాకూ నచ్చదు. అసలు వయొలిన్‌లో విల్లు ఆనిన చప్పుడు కొంచెం ఉంటుంది చూడండి, అది లేకపోతే మనిషి లేడనిపిస్తుంది.

రెండో చరణంలో పైకి వెళ్ళేచోట నాకు అనుమానంగా ఉంది. ఏదో జరుగుతోంది, ఏమిటో నాకు తెలియడం లేదు. అక్కడ జాగ్రత్తగా వినండి. దాచొద్దు. బ్యాంకువాళ్ళకు ఈ నెలాఖరులోగా చెప్పాలి.

మూకీలు మీరు చెప్పారని రెండు చూశాను. మొదటి పది నిమిషాలు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో దిగులేసింది. అందరూ నోళ్ళు కదుపుతున్నారు, ఎవరికీ ఎవరూ వినబడడం లేదనిపించింది. ముప్పై రెండు. తిట్టకండి.

శాలిని


మైలవరం
21 ఫిబ్రవరి 2025

శాలినమ్మకు,

ముందు మార్కులు చెప్పి తర్వాత మాట్లాడతాను. ఎనభై రెండు.

నువ్వు చదివింది నిజమే. నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో రాశాను. రెండుసార్లు విన్నాను. గొంతు తిప్పిన తీరులో మా అమ్మ కనబడింది. శ్రుతి ఎక్కడా జారలేదు. రెండో చరణం గురించి భయపడ్డావు, అది అనవసరం, అక్కడ ఇంకా బాగుంది. నీ పాట నడుస్తుంటే పక్కింటి నాగమల్లేశ్వరి గిన్నె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. పాట ఆమెను కూడా లాక్కొచ్చిందనుకుంటాను.

బ్యాంకుకు వద్దని చెప్పెయ్యి. మీ నాన్నకు ఈ ఉత్తరం చూపించు. బాలశౌరి చెప్పాడని చెప్పు.

మూకీకి ముప్పై రెండు వేసినందుకు నిన్ను తిట్టను, వయసు మీద తెలుస్తుంది. ఇప్పుడు ఒక కాలయంత్రం నవల చదువుతున్నాను. ఈ కాలయంత్రం కథలు నాకు పడవు. మెషీన్ ఎక్కినవాడు ప్రతివాడూ రాజుల కాలానికి పోతాడు, లేకపోతే వెయ్యేళ్ళు ముందుకు పోతాడు. నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళి, తనవాళ్ళతో అన్న ఒక్క మాట వెనక్కి తీసుకుందామని ఒక్కడికీ తోచదు. ఇరవై ఐదు.

బాగా పాడుకో.

పెద్దనాన్న


కంకిపాడు
5 మార్చి 2025

పెద్దనాన్నకు,

బ్యాంకుకు వద్దని చెప్పేశాను. చేరాల్సిన రోజు మొన్న సోమవారం దాటిపోయింది. మీ ఉత్తరం నాన్న రెండుసార్లు చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఎనభై రెండా" అన్నాడు, అంతే. సాయంత్రం దాకా ఆ జేబు తడుముకుంటూనే ఉన్నాడు. అమ్మ మాత్రం, వచ్చిన ఉద్యోగం కాలదన్నుకున్నానని నాతో మాట్లాడడం లేదు.

ఇప్పుడు నా మనసులో ఉన్నది రాస్తాను. మొన్న ఆదివారం మీకు థాంక్స్ చెబుదామని చెప్పకుండా మైలవరం వచ్చాను. గేటు లోపల గడియ. కాలింగ్ బెల్ కొట్టాను. కిటికీలోంచి మీరు కనబడుతూనే ఉన్నారు, టీవీ ముందు, నా వైపు వీపు పెట్టి. "పెద్దనాన్నా" అని నాలుగుసార్లు పిలిచాను. అవతలి వీధివాళ్ళు తొంగిచూశారు. మీరు తిరగలేదు. టీవీ శబ్దం కూడా లేదు. నా గొంతు విని కావాలనే శబ్దం తగ్గించారేమో అనుకున్నాను. మామిడిపండ్ల సంచి గేటుకు తగిలించి వచ్చేశాను.

నేను రావడం మీకు ఇష్టం లేకపోతే ఒక మాట రాస్తే సరిపోయేది. ఎనభై రెండు మార్కులు వేసి గుమ్మంలోకి రానివ్వకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. బస్సులో కంకిపాడు దాకా అదే ఆలోచన.

శాలిని


మైలవరం
14 మార్చి 2025

శాలినికి,

పండ్లు అందాయి. సీజను ముందరి కాయలు, పులుపు. ఇలాంటివి కొనకు.

ఆ రోజు సినిమా క్లైమాక్సులో ఉంది. నేను మధ్యలో లేవనని నీకు తెలుసు. కేబిన్‌లో రీలు చివరికి వచ్చేటప్పుడు తెర కుడివైపు పైమూలలో ఒక చుక్క పడుతుంది. అది పడగానే రెండో మెషీన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క. అప్పుడు మార్చాలి. ఆ రెండు చుక్కల మధ్య ఇల్లు కాలిపోతున్నా ఆపరేటరు తల తిప్పకూడదు. ముప్పై మూడేళ్ళ అలవాటు. దాన్ని పట్టుకుని ఇంత రాస్తావా?

చెప్పకుండా రావడం మాత్రం తప్పు. వచ్చేముందు కార్డు ముక్క వెయ్యాలి. పాట సంగతి రాశాను, మార్కులు వేశాను, ఇంక దాని గురించి మాట్లాడుకోవలసింది లేదు.

బాలశౌరి


కంకిపాడు
24 ఏప్రిల్ 2025

బాలశౌరి గారికి,

పెద్దనాన్నా అని రాయబుద్ధి కావడం లేదు.

మా షాపులో చేపల ఆటోలకూ, పాత ఇనుము కొనేవాళ్ళకూ కేకలు రికార్డు చేసి ఇస్తారని మీకు తెలుసు. గొంతు నాన్నదే. కొల్లేరు నుంచి చేపలు తెచ్చి అమ్మే పెద్దింట్లమ్మ అని ఒకావిడ ఉంది. ఫిబ్రవరిలో కొత్త డ్రైవ్ చేయించుకుంది. పాతది పాడయ్యేదాకా కొత్తది వాడలేదు. మొన్న సోమవారం దాన్ని ఆటోలో పెట్టింది. కంకిపాడు సెంటర్లో చేపల ఆటోలోంచి నాట్ల పాట వచ్చింది. నా గొంతుతో.

రెండూ నీలం డ్రైవులే. ఆ రోజు కౌంటరు మీద పక్కపక్కనే ఉన్నాయి. ఆవిడది మీకు పంపాను, నాది ఆవిడకు ఇచ్చాను. ఆ తప్పు నాది.

మరి మీరు విన్నదేమిటి? "చేపలండీ చేపలు, కొల్లేరు చేపలు, కొర్రమీనుండీ, శీలావతుండీ, బతికున్న బొచ్చెలండీ." ఇదే, అరగంట, మళ్ళీ మళ్ళీ. దీంట్లో మీకు మీ అమ్మ కనబడింది. శ్రుతి జారలేదు. రెండో చరణం ఇంకా బాగుంది. ఎనభై రెండు.

రేడియోలో పెట్టనైనా పెట్టలేదు మీరు. మూడు నిమిషాల పాట వినడానికి మీకు ఓపిక లేకపోయింది. పనికిరాని సైన్సు నవలల్లో బాంబు ఎక్కడ పేలిందో తొంభయ్యో పేజీ దాకా వెతుకుతారు. తమ్ముడి కూతురు పాట మాత్రం వినకుండానే పాస్ చేస్తారు. ఆ అంకె నమ్మి ఉద్యోగం వదిలేశాను. నాన్న ఇప్పటికీ ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆయనతో ఏమని చెప్పను? ఆయన్ని ముప్పై తొమ్మిదేళ్ళ కింద ఒక్క మాటతో నోరు మూయించారు. కనీసం అప్పుడు విని అన్నారా?

ఇంక మీకు రాయను.

శాలిని


మైలవరం
2 మే 2025

శాలినికి,

నీ ఉత్తరం చదివి అయిదు రోజులైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది చించను.

రేడియోలో పెట్టాను. ఎర్ర లైటు వెలిగి ఆడుతుంటే పాట నడుస్తోందనుకున్నాను. దాని ముందు కూర్చున్నాను, రెండుసార్లు, ఆ మాట నిజమే. నాకు నీ పాటైనా ఒకటే, చేపలైనా ఒకటే. వినబడదు. రెండేళ్ళనుంచి ఏమీ వినబడడం లేదు. అంతకుముందు అయిదారేళ్ళు సగం సగం. మీ పెద్దమ్మ మణెమ్మకు తెలుసు, ఆమె ఉన్నన్నాళ్ళూ బయటపడకుండా నెట్టుకొచ్చింది. ఎవరైనా వస్తే పక్కన నిలబడి, వాళ్ళన్నమాట తను మళ్ళీ పెదాలతో అనేది. ఆమె పోయాక ఫోను మానేశాను, మనుషుల్ని మానేశాను. ఉత్తరాలు పెట్టుకున్నాను. నువ్వు గేటు దగ్గర పిలిచిన రోజు నేను నిజంగానే మూకీ చూస్తున్నాను. నా ఇంట్లో ఇప్పుడు అన్నీ మూకీలే. సాయంత్రం గేటుకు సంచి చూసి నువ్వొచ్చావని తెలిసి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

నాగమల్లేశ్వరి గిన్నె పట్టుకొచ్చింది ఎందుకో నీ ఉత్తరం చూశాక తెలిసింది. చేపల కోసం వచ్చింది. నేను పెరుగు తెచ్చిందనుకుని గిన్నె అందుకున్నాను. ఖాళీ గిన్నె. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పుడు అర్థమవుతోంది.

పాట వద్దని రాసి ఉండొచ్చు. కానీ ఎందుకు వద్దో చెప్పాలి. చెవి తప్ప నా దగ్గర ఏముంది తల్లీ? చదువు లేదు, ఆస్తి లేదు. "బాలశౌరి వింటే చాలు" అనేవాళ్ళు. ఆ ఒక్క మాట మీద బతికాను. నీకు తక్కువ వేస్తే నీ బతుకు పాడవుతుందని భయపడి ఎక్కువ వేశాను. అది దయ అనుకున్నాను. పిరికితనం.

ఇక నువ్వు అడిగిన చివరి మాట. అప్పుడు విని అన్నారా అని.

విన్నాను. కానీ దేంతో విన్నానో రెండేళ్ళ కింద విజయవాడలో చెవి డాక్టరు చెప్పాడు. కేబిన్‌లో మెషీన్ల రొద పక్కన ఏళ్ళ తరబడి నిలబడినవాళ్ళకు ఈ జబ్బు చిన్నవయసులోనే మొదలవుతుందట. కొందరికి ఒకే స్వరం రెండు చెవుల్లో రెండు రకాలుగా వినబడుతుందట. "మీకెప్పుడైనా అలా ఉండేదా?" అని కాగితం మీద రాసి చూపించాడు. లేదన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక గంట గుర్తొచ్చింది.

ఆ గంట బీట వారలేదు. ఎడమచెవి చేత్తో మూసుకుంటే సరిగ్గా మోగేది, చెయ్యి తీస్తే పగిలినట్టుండేది. ఆ వయసులో నేను దానికి అర్థం వెతకలేదు, గంటదే తప్పన్నాను. మీ నాన్నను ఆపమన్నది ఆ ఏడే, ఆ చెవులతోనే. వాడు నా ఎడమవైపు నిలబడి పాడాడు.

కాలయంత్రం నవలలు ఎందుకు పడవన్నానో తెలిసిందా? నేనైతే ఏ రాజునూ చూడను. ఆ డిసెంబరు సాయంత్రానికి వెళ్ళి, నా నోరు నేను మూసుకుని వస్తాను.

ఇది వాడికి చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పాలో వద్దో నువ్వే చూడు. నీ ఉద్యోగం పోగొట్టింది నేనే. క్షమించమని అడగను.

బాలశౌరి


కంకిపాడు
15 మే 2025

పెద్దనాన్నకు,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు గేటు దగ్గర నాలుగుసార్లు పిలిచిన సంగతి గుర్తొచ్చి ఏడ్చాను. కోపంతో రాసిన మాటలు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదు.

చెప్పాలో వద్దో అని పది రోజులు ఆలోచించాను. చెప్పాను. షాపులో ఎవరూ లేనప్పుడు ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నాన్న ఆంప్లిఫయరు విప్పి పెట్టుకుని ఉన్నాడు. గంట గురించి మీరు రాసిన చోటికి వచ్చేసరికి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"బీట లేదని నాకు తెలుసు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఎప్పటినుంచి తెలుసన్నాను.

"అన్నయ్య ఫాదర్ గారితో గొడవ పడ్డ రోజే నేను గోపురం ఎక్కాను. గంట మొత్తం చేత్తో తడిమాను. బీట లేదు. వన్ టౌన్ హాల్లోనూ శబ్దం ఎక్కువ పెడుతున్నాడని నేల టికెట్టువాళ్ళు అరుస్తున్నారు. రెండూ కలిపి చూస్తే తెలిసిపోయింది, ఆయన చెవికి ఏదో అయిందని."

"మరి నీకు శ్రుతి లేదన్నప్పుడు ఎందుకు ఊరుకున్నావు?"

స్క్రూడ్రైవరు మళ్ళీ తీసుకుని ఒక స్క్రూ బిగించాడు. తర్వాత చెప్పాడు. "మీ తాతయ్య పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో అందరికీ అన్నయ్య జీతమే ఆధారం. నాకు శ్రుతి ఉందని అందరి ముందూ వాదిస్తే, మరి అన్నయ్యకు వినబడడం లేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అది హాలు ఓనరు దాకా పోతుంది. చెవి లేని ఆపరేటర్ను ఎవరుంచుకుంటారు? నేను పాడకపోతే ఏం పోయింది? పాడటం మానేస్తే ఎవరూ ఏమీ అడగలేదు."

పెద్దనాన్నా, ఇరవై మూడేళ్ళు ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉన్నాను.

అన్నీ తెలిసి నన్ను మీ దగ్గరికి ఎందుకు పంపావని అడిగాను. "నాకు కాదన్నది నా కూతురికైనా అవునంటాడేమోనని. చెవితో విని అంటాడా, ఊరికే అంటాడా అని చూడలేదు. కాదంటే అప్పుడు గంట సంగతి చెప్పి నిన్ను కాలేజీకి పంపేవాణ్ణి" అన్నాడు. మీ ఎనభై రెండు ఆయన జేబులో ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. అది నా మార్కులని కాదు.

ఇంకోటి. నా పాట చేపల ఆటోలో వచ్చిన రోజు నాన్న షాపులోంచి బయటికి వచ్చి మొత్తం విన్నాడట. "రెండో చరణంలో పై స అందుకునేచోట గొంతు వెనక్కి లాక్కుంటున్నావు. అది శ్రుతి లేక కాదు, భయం. ఊపిరి అంతకుముందే తీసుకో" అన్నాడు. ఊపిరి మార్చి చూశాను. స్వరం కూర్చుంది. నాకేం జరుగుతోందో తెలియడం లేదని మీకు రాశానే, అది ఇదే. నాకు కావలసిన చెవి మా షాపులోనే ఉంది. ఒక్కరోజూ అడగలేదు.

కాలేజీకి అప్లికేషన్ పెట్టాను. జూన్‌లో పాడించి చూస్తారట, ఏమవుతుందో తెలియదు. అమ్మ మాట్లాడుతోంది, తిట్టడానికే అయినా. పెద్దింట్లమ్మ నా డ్రైవ్ తిరిగి ఇవ్వనంది. పాట అయిపోయేదాకా ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడుతున్నారట, తర్వాత తను నోటితో చేపలు అంటుందట.

నాన్న మిమ్మల్ని రమ్మన్నాడు. పెద్ద బాక్సు బయటికి తీసి దుమ్ము తుడుస్తున్నాడు. "అన్నయ్య దానిమీద రెండు చేతులూ ఆనించి కూర్చుంటాడు, నేను మైకు పట్టుకుంటాను" అన్నాడు. ఆ మేస్త్రీల హెల్మెట్ల సంగతి చెప్పాను. "నలభై వేశాడా? ఇంకా వెయ్యొచ్చు" అన్నాడు.

ఏం పాడతాడో అడగలేదు. అడిగితే మానేస్తాడేమోనని భయం. మీరు ఎప్పుడొస్తారో రాయండి.

మీ శాలిని


మైలవరం
21 మే 2025

శాలినమ్మకు, యేసుబాబుకు,

ముందు కార్డు వెయ్యమన్నది నేనే కాబట్టి వేస్తున్నాను.

1986 నోట్‌బుక్కు బయటికి తీశాను. డిసెంబరు పేజీలో బొమ్మల మధ్య "యేసుబాబు, సున్న" అని ఉంది. మనుషులకు మార్కులు వేసింది ఆ ఒక్కసారే, మళ్ళీ నీకు. రెండూ కొట్టేశాను. కొత్తవి వెయ్యలేదు. ఆ నోట్‌బుక్కు వాడికిస్తాను, ఏమన్నా వేసుకోనీ, నాకైనా సరే.

వాడు గోపురం ఎక్కి దిగి, నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. ఆ రోజు ఏం కూరో కూడా నాకు గుర్తులేదు.

ఆదివారం ఉదయం పూజ చూసుకుని బయలుదేరతాను. పదకొండు దాటాక కంకిపాడు సెంటర్లో దిగుతాను. బస్సు దిగగానే నన్ను వెనకనుంచి పిలవొద్దు, వినబడదు. ఎదురుగా వచ్చి నిలబడండి.

బాలశౌరి